తన సిఫారసు తానే రాసుకున్న మాష్టారు

ఆ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర శాఖ ఎక్కడని అడిగితే తడబడేవాళ్ళున్నారు గానీ, చెదల మాష్టారి గది ఎక్కడని అడిగితే గేటు కాపలాదారు నుంచి గ్రంథాలయంలో బీరువాలు తుడిచే ఆవిడ దాకా అందరూ వేలు పెట్టి చూపిస్తారు. రెండో అంతస్తు, వరండా చివర, మరుగుదొడ్ల పక్క గది. తలుపు తీస్తే ముందు తడిమట్టి వాసన, తర్వాత గాజుపెట్టెలు, ఆ తర్వాత మాష్టారు. పెట్టెల నిండా చెదపురుగులు. పాతికేళ్ళ పైచిలుకుగా ఆయన చదువూ, పాఠమూ, పరిశోధనా, కబుర్లూ అన్నీ చెదపురుగులే.

ఆ పేరు విద్యార్థులు పెట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు తరగతిలో ఆయనే అన్నారు: "ఎలాగూ నా వెనకాల ఏదో ఒక పేరు పెడతారు. మీకా శ్రమెందుకు? చెదల మాష్టారు అనుకోండి. పిలవడానికి తేలిక, మర్చిపోవడం కష్టం." తరగతంతా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు బాగా రుచించింది. అప్పట్నుంచీ తన మీద ఎవరైనా జోకు వేసేలోగా తనే వేసేసుకోవడం ఆయనకు అలవాటైపోయింది. బట్టతల మొదలైనప్పుడు ఇంట్లోవాళ్ళ కంటే ముందు సహోద్యోగులకు ఆయనే చెప్పారు: "పైన కూడా చెదలు పట్టాయండీ."

ఇంత సరదా మనిషికి ఒకటే కొరత. అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉన్నచోటే ఉండిపోయారు. ఆయన వెనక చేరినవాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. ఆయన దగ్గర చదువుకున్న పొడుగాటి కుర్రాడొకడు చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, ప్రొఫెసరై, చివరికి ఆ శాఖకే హెడ్డయి కూర్చున్నాడు. దాంతో మాష్టారికి ఒక వ్యాకరణ సమస్య వచ్చిపడింది. ఒకప్పుడు "ఒరేయ్, ఆ సీసా ఇటియ్యి" అన్న నోటితో ఇప్పుడు "మీరు" అనాలి. సమావేశాల్లో 'మీరు' అనేవారు, వరండాలో 'నువ్వు' అనేవారు. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో తెలియనప్పుడు కర్త లేకుండానే మాట్లాడేవారు: "టీ తాగడం అయ్యిందా?" "ఊరెళ్ళడం ఎప్పుడు?"

ప్రొఫెసర్ పదోన్నతికి దరఖాస్తులు పిలిచిన ప్రతిసారీ మాష్టారు, "నాకెందుకులే, ఉన్న కుర్చీ ఒంటికి అలవాటైపోయింది" అనేవారు. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అని ఆయనకూ తెలుసు. బావమరిదికి ఇంకా బాగా తెలుసు. అతను ఎప్పుడు ఫోన్ చేసినా కుశలప్రశ్నల కంటే ముందు, "ఏం బావా, అయ్యావా?" అనేవాడు. ఏమవ్వాలో చెప్పేవాడు కాదు.

ఆ ఏడాది మాష్టారి భార్య ఊరుకోలేదు. ఆవిడ ఒక మందుల దుకాణం నడుపుతోంది. డాక్టర్ల గొలుసుకట్టు రాతల్లోంచి మందుల పేర్లు వెతికి వెతికి, మనుషులు చెప్పని మాటలు కూడా చదవడం నేర్చుకున్న మనిషి.

"ఈసారి దరఖాస్తు పెడుతున్నారు," అంది అన్నం వడ్డిస్తూ.

"నేనా?"

"మీ చెదపురుగులు కాదుగా. మీరే."

కాదనే ధైర్యం లేక పెట్టారు. పాఠాలెన్ని చెప్పారు, వ్యాసాలెన్ని అచ్చయ్యాయి, ఎంతమందికి పరిశోధనలో మార్గదర్శనం చేశారు, విద్యార్థులు ఏమనుకుంటున్నారు... గడి తర్వాత గడి నింపారు. అన్నీ కలిపితే నెగ్గడానికి చాలినన్ని పాయింట్లు వచ్చాయి, బొటాబొటీగానే అనుకోండి. ఇక మిగిలింది శాఖాధిపతి సిఫారసు లేఖ. దరఖాస్తుదారు గురించి హెడ్డు స్వయంగా, గోప్యంగా రాసి కమిటీకి పంపాల్సినది అది. పాయింట్లు ఎన్ని ఉన్నా, కమిటీ ముందుగా చదివేది ఆ లేఖనే.

ఇక్కడ ఆ శాఖ గుట్టు ఒకటి చెప్పుకోవాలి. ఆ శాఖలో ఏ హెడ్డున్నా, సిఫారసు లేఖలు రాసేది మాత్రం చెదల మాష్టారే. మాటకు మాట అతికించడంలో ఆయన చెయ్యి అలాంటిది. "కాస్త చూసిపెట్టండి మాష్టారూ" అంటూ హెడ్డులు వచ్చేవారు, ఈయన రాసేవారు, వాళ్ళు సంతకం పెట్టేవారు. మూగవాడిని మితభాషి అనీ, మొండివాడిని దీక్షాపరుడు అనీ, తరగతికి రానివాణ్ణి విద్యార్థుల స్వయంకృషిని ప్రోత్సహించేవాడనీ రాసి గట్టెక్కించారు. ఆ లేఖలతో ప్రొఫెసర్లయినవాళ్ళు ఇప్పుడు పక్క గదుల్లోనే ఉన్నారు. నేటి హెడ్డు కూడా వాళ్ళలో ఒకడు.

ఆ సమయానికి హెడ్డు తల మీద ఇల్లు కూలినంత పని ఉంది. ప్రయోగశాల పైకప్పు కారుతోంది, తనిఖీ బృందం వస్తోంది. అతను వరండాలో మాష్టారిని పట్టుకున్నాడు.

"మాష్టారూ, మీ లేఖ రేపటికి వెళ్ళాలి. నాకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. మీరే... ఎప్పుడూ రాసేదే కదా... ఒకటి రాసి ఇచ్చేస్తే సంతకం పెట్టేస్తాను."

"నా గురించి నేనా?"

"మీకంటే బాగా ఎవరికి తెలుసు మాష్టారూ!"

ఆ మాట నిజమని మాష్టారూ అనుకున్నారు. తర్వాత జరిగిన అనర్థానికంతటికీ అదే మొదలు.

ఆ సాయంత్రం ఆయన మొదట రాసిన లేఖ మహాఘనంగా వచ్చింది. అందులో ఆయన మేధావి, కర్మయోగి, విద్యార్థుల పాలిట కల్పవృక్షం. భార్యకు చూపించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మందు చీటీ చదివినంత శ్రద్ధగా చదివింది.

"ఈయనెవరండీ? ఎప్పుడైనా మనింటికి వచ్చారా?"

మాష్టారికి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. "అతి అయ్యిందా?"

"అతి కాదు. ఈయన్ని చేసుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కాస్త తగ్గించి, ఉన్నదున్నట్టు రాయండి."

తగ్గించడం మొదలుపెట్టారు. మేధావిని కొట్టేశారు, కర్మయోగిని కొట్టేశారు. కొట్టేసిన కొద్దీ ఆయనకు తన వినయం మీద గౌరవం పెరగసాగింది. ఎంత నిగర్వి! తన గురించి ఇంత తక్కువగా రాసుకోగల మనిషి ఈ విశ్వవిద్యాలయంలో ఇంకొకడున్నాడా? అక్కడితో ఆగినా బాగుండేది. కాగితం మరీ బోసిగా కనిపించింది. చెయ్యి ఊరుకోలేదు, అలవాటైన సరదా వచ్చి కలంలో కూర్చుంది.

'ఈయన పరిశోధనా వేగం తాను పరిశోధించే జీవి నడకను మించదు,' అని రాశారు. చదువుకుని మురిసిపోయారు. 'పాఠం ఎత్తుకున్న చోటికీ దించిన చోటికీ సంబంధం ఉండకపోవచ్చు గానీ, దారిలో చూపించే వింతలు బాగుంటాయి. తరగతిలో సగం మంది నిద్రపోతారు. మిగతా సగం, వాళ్ళ నిద్ర చెడకుండా నిశ్శబ్దంగా వింటారు.' ఇంకా ఇలాంటివే నాలుగైదు. కమిటీవాళ్ళు ఎండిపోయిన లేఖలు చదివి చదివి విసిగిపోయి ఉంటారు, ఇది చూసి హాయిగా నవ్వుకుంటారు, 'ఎంత నిజాయితీ గల శాఖ! ఎంత చమత్కారం!' అనుకుంటారని ఆయన ఊహ. ఆ మాటలు తను తన మీద వేసుకున్న జోకుల్లా కాక, హెడ్డు తన మీద వేసిన నిందల్లా వినిపిస్తాయన్న సంగతి, అంత తెలివైన బుర్రకు తట్టనే లేదు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మర్నాడు హెడ్డు, నిచ్చెన మీద నిలబడి పైకప్పు కేసి చూస్తున్న తాపీమేస్త్రీతో మాట్లాడుతూనే, గోడకు ఆనించి సంతకం పెట్టేశాడు. ఒక్క ముక్క చదవలేదు.

ఇంటర్వ్యూ పరిపాలనా భవనంలో, పొడవాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. బల్లకు అవతల కమిటీ అధ్యక్షురాలు, ఆవిడకు ఒక పక్క బయటి నుంచి వచ్చిన కీటకశాస్త్ర నిపుణుడు, ఇంకో పక్క శాఖ తరఫున హెడ్డు. అధ్యక్షురాలు వేరే విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి. జుట్టంతా నెరిసింది, చూపు మాత్రం నెరవలేదు. గొలుసుకు వేలాడే కళ్ళజోడు ఎత్తి పెట్టుకుని లేఖ చేతిలోకి తీసుకుంది.

"మీ శాఖాధిపతి మీ గురించి రాసింది చదువుతాను. దానికి మీ సమాధానం కావాలి."

చదివింది. ఆవిడ గొంతులో ఎత్తుపల్లాలు లేవు. రైలు స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతు అది. 'పరిశోధనా వేగం తాను పరిశోధించే జీవి నడకను మించదు.' ఎవరూ నవ్వలేదు. మాష్టారు మర్యాద కోసం కాస్త నవ్వబోయి, పక్కన తోడు దొరక్క మానుకున్నారు. 'సగం మంది నిద్రపోతారు...' తన జోకులు ఒక్కొక్కటీ ఆ బల్ల మీద పడి చచ్చిపోవడం ఆయన కళ్ళారా చూశారు. హెడ్డు మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

"మీ ఇద్దరికీ ఏమైనా గొడవలున్నాయా?" అడిగింది అధ్యక్షురాలు.

"అబ్బే, లేవండి," అన్నారు మాష్టారు.

"మేడమ్, అది..." అని హెడ్డు మొదలుపెట్టాడు.

అసలు సంగతి బయటపడితే అతని పరువేం కావాలి? చదవకుండా సంతకం పెట్టిన హెడ్డు, తన సిఫారసు తనే రాసుకున్న అభ్యర్థి! మాష్టారు గబగబా అడ్డం వచ్చారు. "వారు రాసింది అక్షరాలా నిజమండి. నా మేలు కోరే రాశారు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఇదంతా నిజమే అయితే, మిమ్మల్ని మేమెందుకు సిఫారసు చేయాలి?"

చెప్పడానికి ఆయన దగ్గర బోలెడంత ఉంది. ఆపద వస్తే సైనిక చెదలు తలలతో గోడలు కొట్టి పుట్టంతటికీ కబురు పంపుతాయనీ, ఆ దరువు మట్టి తడిని బట్టి మారుతుందనీ తను ఏళ్ళ తరబడి విన్నది చెప్పొచ్చు. ఎండాకాలం సెలవుల్లో కూడా విద్యార్థులు ఆ గది వదిలి వెళ్ళరని చెప్పొచ్చు. కానీ చెమటలు పోస్తున్న వేళ మనిషి చేతికి అలవాటైన కర్రే అందుతుంది.

"చేయకపోతే మా బావమరిది ఫోన్లు ఆగవండి," అన్నారు.

కీటకశాస్త్ర నిపుణుడు కిటికీలోంచి బయటకు చూశాడు. అధ్యక్షురాలు ఏదో రాసుకుంది. 'ఈ విడత సిఫారసు చేయలేకపోతున్నాం' అని వారం తిరక్కుండానే కబురొచ్చింది.

కబురొచ్చిన సాయంత్రమే హెడ్డు మాష్టారి ఇంటికొచ్చాడు. తలుపు తీసిన మాష్టారి భార్యకు నమస్కారం పెట్టి, లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా అన్నాడు:

"మాష్టారూ, ఏంటిది? నా చేత్తో నాకే విషం పెట్టించారే!"

"నీకేం, క్షేమంగానే ఉన్నావు. పోయింది నేను," అన్నారు మాష్టారు. "అయినా చదవకుండా సంతకం పెడతావా?"

"మీరు రాశారని నమ్మాను!"

"నువ్వు చదువుతావని నేను నమ్మాను. చదివి, నవ్వుకుని, నాలుగు మంచి ముక్కలు కలుపుతావనుకున్నా."

భార్యకు అప్పటిదాకా లేఖలో ఏం వెళ్ళిందో తెలియదు. నకలు తెచ్చి చూపించారు. చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"ఉన్నదున్నట్టు రాయమన్నాను. లేనిది ఎందుకు రాశారు?"

"లేనిదేముంది అందులో? నా లోపాలే రాశాను కదా."

"ఇవి లోపాలా? ఇవి మీ ముద్దుముచ్చట్లు," అంది. అప్పటికి ఆ మాట ఆయనకు బోధపడలేదు.

హెడ్డు వంచిన తల ఎత్తకుండానే, "నేను అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పేస్తాను," అన్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఇద్దరం పోతాం."

"ఆవిడ మిమ్మల్ని నేను తొక్కేస్తున్నాననుకుంటోంది మాష్టారూ. మీరు నన్ను కాపాడుతున్నాననుకుని, నన్ను దుర్మార్గుణ్ణి చేసి కూర్చోబెట్టారు."

ఈ మాట మాత్రం మాష్టారికి సూటిగా తగిలింది. తన త్యాగం ఎంత గొప్పగా ఉందో అని లోలోపల ఇంటర్వ్యూ రోజు నుంచీ సంబరపడుతున్న మనిషి ఆయన. అటువైపు నుంచి చూస్తే అది ఇలా కనిపిస్తుందని ఇప్పుడే తెలిసింది.

హెడ్డు అన్నంత పనీ చేశాడు. వెళ్ళి చెప్పేశాడు. ఆవిడ అంతా విని, అతన్ని మందలిస్తూ ఒక మెమో ఇప్పించింది. నిర్ణయం మాత్రం మార్చలేదు. "ఆ లేఖలో పొగడ్తలే ఉండి ఉంటే మీ ఇద్దరిలో ఎవరైనా నా దగ్గరికి వచ్చేవాళ్ళా?" అని అడిగిందట. "వచ్చే విడతకు లేఖ మీరే రాయండి. రాసే ముందు ఆయన పని కళ్ళారా చూడండి," అని పంపించిందట.

ఇక మాష్టారి కష్టాలు మొదలయ్యాయి. హెడ్డు తరగతి గదిలో వెనక బెంచీలో, ఒకప్పుడు చదువుకుంటూ కూర్చున్న చోటే, మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవాడు. మొదటిరోజు మాష్టారు అతని మీద ఓ కన్నేసి పాఠం చెప్పబోయి, చెదపురుగుకు రెండు కాళ్ళు ఎక్కువ తగిలించారు. విద్యార్థులు దిద్దారు. రెండో రోజు జోకులు ఎక్కువయ్యాయి. నాలుగైదు తరగతులయ్యాక హెడ్డు ఉన్నాడన్న సంగతే మర్చిపోయారు. మర్చిపోయిన రోజు నుంచే పాఠం బాగా సాగింది. గాజుపెట్టెకు చెవి ఆనించి ఆ చిన్న దరువు వినమని ఒక్కొక్కరినీ పిలుస్తూ, చివర్లో, "నువ్వు కూడా రారా" అని హెడ్డును కూడా పిలిచేశారు. విద్యార్థులంతా గతుక్కుమన్నారు. హెడ్డు లేచి వచ్చి బుద్ధిగా చెవి ఆనించాడు.

అతను తరగతితో ఆగలేదు. పాత విద్యార్థులతో మాట్లాడాడు, అచ్చయిన వ్యాసాలు తెప్పించి చదివాడు. ఒకనాడు మాష్టారి గదికొచ్చి, "ఆ బీరువాలో ఉన్నవి కూడా ఇవ్వండి" అన్నాడు. అవి అచ్చు కానివి. "అవింకా తయారవ్వలేదోయ్" అన్నారు మాష్టారు. "తెలుసు. ఇవ్వండి" అన్నాడు.

విడత దగ్గరపడ్డాక, హెడ్డు తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"ఇది గోప్యమైన లేఖ. చూపించకూడదు. అయినా కమిటీ నోటి వెంట మొదటిసారి వినకూడదని చూపిస్తున్నాను. ఒక్క అక్షరం మార్చను."

మాష్టారు చదివారు. మొదటి పేజీలో మేధావి లేడు, కల్పవృక్షమూ లేదు. 'ఈయన తరగతిలో విద్యార్థులు చూడటం నేర్చుకుంటారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా గాజుపెట్టె దగ్గరికి తీసుకెళ్తారు. ఈ శాఖలో పరిశోధన వైపు మళ్ళినవారిలో ఎక్కువమంది మొదట ఈయన గదిలోనే మళ్ళారు; వారిలో నేనొకణ్ణి.' మాష్టారు ఆ చివరి మాట రెండోసారి చదివారు. ఏదైనా చమత్కారం విసిరి గట్టెక్కుదామని చూస్తూ పేజీ తిప్పారు.

రెండో పేజీలో ఇలా ఉంది: 'ఈయన పెద్ద లోపం, మొదలుపెట్టినది ముగించకపోవడం. ముఖ్యమైన ఫలితాలున్న వ్యాసాలు ఏళ్ళ తరబడి దిద్దుబాట్లలోనే ఉండిపోయాయి. ఇది కేవలం ఆయన నష్టం కాదు. చెదల దరువు మీద ఈయన దగ్గర పనిచేసిన పరిశోధక విద్యార్థిని, తన పేరు ఉండాల్సిన వ్యాసం ఎప్పటికీ బయటికి రాక, బోధన ఉద్యోగానికి అర్హత చాలక, వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. తప్పు పడతారన్న భయంతో పనిని దాచుకుని, ఆ భయాన్ని హాస్యంతో కప్పిపుచ్చుతారని నా అభిప్రాయం.' ఆ కిందే, 'ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, ఈయనను నేను గట్టిగా సిఫారసు చేస్తున్నాను' అని ఉంది.

మాష్టారు లేఖ బల్ల మీద పెట్టారు. ఇలాంటప్పుడు అనడానికి ఎప్పుడూ ఏదో ఒక మాట నాలుక చివర సిద్ధంగా ఉండేది. వెతుక్కున్నారు. దొరకలేదు.

"కోపం వచ్చిందా మాష్టారూ?"

"రాలేదు... వచ్చింది. రానీ," అన్నారు. "ఆ అమ్మాయి నీతో ఏమంది?"

"మీ గురించి మంచే చెప్పింది. అదే ఎక్కువ బాధేసింది."

ఇంటికి నడిచి వెళ్ళారు. దారిలో హెడ్డును బాగా తిట్టుకున్నారు. పైకప్పు కూడా బాగుచేయించలేనివాడు నా లోపాలు పడతాడా అనుకున్నారు. వీధి మలుపు తిరిగేసరికి తిట్లు అయిపోయాయి, ఆ అమ్మాయి మాత్రం మిగిలింది. తను కట్టిన పట్టికలు పట్టుకుని "ఇవాళ పంపేద్దామా సార్?" అంటూ గుమ్మంలో నిలబడేది. ప్రతిసారీ తను, "తొందరెందుకమ్మా, చెదపురుగు పుట్ట ఒక్కరోజులో కడుతుందా?" అని నవ్వించి పంపేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది?

భార్య దుకాణం మూసి వచ్చేసరికి మాష్టారు దీపం వేసుకోకుండా కూర్చుని ఉన్నారు.

"నేను ముగించనట. ఈ సంగతి నీకు తెలుసా?"

"ఇంట్లో సగం రంగు వేసిన గోడ చూస్తూ కాపురం చేస్తున్నాను. నాకు తెలియదా?"

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్పిన ప్రతిసారీ ఒక జోకు వేశారు. నేను నవ్వాను. నా తప్పూ ఉంది," అంటూ దీపం వేసింది. "వేగం లేదనీ, పాఠం దారి తప్పుతుందనీ మీరు రాసుకున్నవి ఎవరన్నా మీకు నొప్పి పుట్టదు. అందుకే అవి రాసుకున్నారు. నొప్పి పుట్టేది మీ చేత్తో మీరు రాసుకోలేరు. ఎవరూ రాసుకోలేరు."

మర్నాడు మాష్టారు బీరువాలోంచి దరువు వ్యాసం తీశారు. దాని మీద ఎన్ని రంగుల సిరాతో దిద్దుబాట్లున్నాయంటే, ఏ ఏడాది ఏ రంగు కొన్నారో చెప్పొచ్చు. కూర్చుని చదివితే, చివరిసారి దిద్దినవన్నీ అంతకు ముందుసారి దిద్దినవాటిని మళ్ళీ మొదటికి మార్చడమేనని తెలిసింది. సిగ్గుపడ్డారు. ఒక్క మాటా దిద్దనని చేతులు కట్టుకున్నంత పని చేసి, రెండు చోట్ల మాత్రం దిద్ది, శుభ్రంగా మళ్ళీ రాయించారు. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేశారు. ఆమె ఇప్పుడు కలప గోదాములకు చెదల మందు కొట్టించే ఒక సంస్థలో పనిచేస్తోంది. తను ప్రేమగా చూడటం నేర్పిన పురుగుల్ని చంపడమే ఆమె ఉద్యోగం.

"అమ్మా, మన దరువు వ్యాసం పంపుతున్నాను. నీ పేరే ముందుంటుంది."

"పంపుతున్నారా సార్, పంపేశారా?"

"పంపుతున్నా."

"పంపేశాక ఫోన్ చేయండి సార్."

మాష్టారు ఫోన్ పెట్టేసి, పంపి, మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఆమె ఏడ్చింది. "నీకు చాలా ఆలస్యం చేశాను" అని మాత్రమే అనగలిగారు. "చేశారు సార్" అంది. 'అబ్బే, పర్వాలేదు' అనలేదు.

రెండో ఇంటర్వ్యూ కూడా అదే గదిలో, అదే అధ్యక్షురాలితో. ఆవిడ కొత్త లేఖలోని రెండో పేజీ అదే గొంతుతో చదివి, "దీనికేమంటారు?" అంది. మాష్టారి నాలుక మీదకు ఒక జోకు రానే వచ్చింది. బాగానే ఉంది కూడా. మింగేశారు.

"నిజమండి. దాచుకున్నవాటిలో ఒకటి పంపాను. ఇంకొకటి మీద ఆ అమ్మాయీ నేనూ పనిచేస్తున్నాం. మిగతా రెండూ పనికిరావని తేలింది. వాటిని పట్టుకుని ఇన్నేళ్ళు ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు."

"ఆ పంపినదాంట్లో ఏముంది?"

చెప్పారు. సైనిక చెదపురుగు గోడకేసి తల ఎలా కొడుతుందో బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించారు. పొడిమట్టిలో ఒకలా, తడిమట్టిలో ఇంకోలా. కీటకశాస్త్ర నిపుణుడు కుర్చీ ముందుకు జరుపుకుని తనూ కొట్టి చూశాడు. "ఇంకొంచెం వేగంగా" అన్నారు మాష్టారు. బయట వరసలో కూర్చున్న అభ్యర్థులు, లోపల ఏం దరువులు వేస్తున్నారో అర్థంకాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఇచ్చిన సమయం ఎప్పుడో దాటిపోయింది. పాఠాన్ని ఎక్కడో ఎత్తుకుని ఎక్కడో దించే అలవాటు మాత్రం అలాగే ఉంది.

సిఫారసు చేశారు. మాష్టారు ప్రొఫెసరయ్యారు. గది మారలేదు, మరుగుదొడ్లూ పక్కనుంచి కదల్లేదు. ఉద్యోగ విరమణకు ఇంకెంతో కాలం లేదు కాబట్టి, "పెళ్ళి భోజనాల దగ్గర చివరి పంక్తిలో కూర్చున్నాను" అని చెప్పుకుని నవ్వేవారు. జోకులు మానలేదు. కాకపోతే ఇప్పుడు ఎదుటివాళ్ళు ఏదైనా గట్టిగా చెబుతుంటే, వాళ్ళు ముగించేదాకా ఆగి వేసేవారు.

కొన్నాళ్ళకు దరువు వ్యాసం అచ్చయింది. అచ్చయిన నెలకే, ఎక్కడో దూరాన అదే పని చేస్తున్న ఒకావిడ నుంచి సందేశం వచ్చింది: వ్యాసం చాలా బాగుంది, కానీ మూడో పట్టికలో ఒక కొలత తప్పు పడింది, సరిచూడగలరు. ఇన్నేళ్ళూ ఏ భయంతో వ్యాసాన్ని బీరువాలో పెట్టారో, ఆ తప్పు రానే వచ్చింది. ఎక్కడా ఏమీ కూలిపోలేదు. మాష్టారు వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశారు.

"మూడో పట్టికలో తప్పు దొరికిందమ్మా. ఆవిడ అక్షరం అక్షరం చదివింది!"

"ఏ కొలత సార్?"

చెప్పారు.

"అది నాది కాదు సార్. నేను సరిగ్గానే రాశాను. చివర్లో రెండు చోట్లే దిద్దానన్నారు చూడండి, అక్కడ మార్చేశారు."

మాష్టారు కళ్ళజోడు సర్దుకుని పాత ప్రతి వెతికి చూశారు. ఆమె చెప్పిందే నిజం. "సరే, సవరణ నోట్ పంపుదాం. నువ్వు రాయి, నేను సంతకం పెడతాను," అన్నారు.

"చదివి పెట్టండి సార్," అంది ఆ అమ్మాయి.